తొందర ఎవరిది?

అనంతపురం పల్లెల్లో ఏ మహిళా సంఘం సమావేశంలోనైనా ఆరోగ్యం గురించి మాట మొదలైతే చాలు, "నాకు సంచి తీసేసినారక్కా" అనే మాట ఏదో ఒక మూల నుంచి వినిపిస్తుంది. పన్ను పీకించుకున్నంత తేలిగ్గా చెప్తారా మాటని. వయసు అడిగితే ముప్ఫై అయిదో, ముప్ఫై ఎనిమిదో అంటారు. ఎందుకు తీశారని అడిగితే "తెల్లబట్ట అయ్యేది", "నడుము నొప్పి", "ఉంటే క్యాన్సర్ వస్తాదన్నారు" అంటారు. ఆపరేషన్ చేసిందెవరు, ఆ డాక్టరు ఏం చదివారు, గర్భసంచి ఒక్కటే తీశారా, అండాశయాలు కూడా తీశారా అని అడిగితే మాత్రం జవాబుండదు. తన ఒంట్లోంచి ఏం తీశారో తీయించుకున్న మనిషికే తెలియకపోవడం ఎవరికీ వింతగా తోచకపోవడమే అన్నిటికంటే వింత.

ఇది ఒక ఊరి సంగతో, ఒక తండా సంగతో కాదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మధ్య వయసు స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద నూటికి 3.2 మంది అయితే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 మంది, తెలంగాణలో 7.7 మంది. దేశంలోకెల్లా ముందు నిలిచినవి మన రెండు రాష్ట్రాలే. 2019-21లో జరిగిన తర్వాతి సర్వేలోనూ ఆ స్థానం మారలేదు. ఈ ఆపరేషన్లలో మూడింట రెండు వంతులు ప్రైవేటు ఆస్పత్రుల్లో జరిగినవే. తెలుగు స్త్రీల గర్భసంచులకు మాత్రమే ప్రత్యేకంగా జబ్బులు వస్తాయని ఏ వైద్యశాస్త్రమూ చెప్పలేదు. మరి ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చింది?

దీనికి జవాబు వెతికే ముందు ఒక విషయం తేటతెల్లం చేసుకోవాలి. ఆపరేషన్లు రెండు రకాలు. కాన్పు తర్వాత రక్తం ఆగకుండా పోతున్నప్పుడు, అపెండిక్స్ పగిలినప్పుడు చేసేవి అత్యవసరమైనవి. అక్కడ నిమిషాలతో పని. రెండో రకం ముందుగా రోజు నిర్ణయించుకుని చేయించుకునేవి. గర్భసంచి తీసే ఆపరేషన్లలో అత్యధిక భాగం ఈ రెండో రకానివే. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ కూడా ఇలాంటిదే. ఈ వారం కాకపోతే వచ్చే నెల చేయించుకున్నా చాలా సందర్భాల్లో ప్రాణానికి ముప్పేమీ రాదు. అంటే ఆ స్త్రీ చేతిలో సమయం ఉంది. ఆలోచించుకోవడానికి, ఇంకో డాక్టరును అడగడానికి, రక్తం పెంచుకోవడానికి, ఇంట్లో ఏర్పాట్లు చేసుకోవడానికి ఉన్న సమయం అది. ఆ సమయం ఆమె సొత్తు. మన దగ్గర జరుగుతున్నదేమిటంటే, శరీరంలో భాగాన్ని తీసేయడానికి ముందే ఆ సమయాన్ని ఆమె నుంచి లాగేసుకుంటున్నారు. "రేపే చేసేద్దాం", "ఆలస్యమైతే మా బాధ్యత లేదు" అనే మాటలతో తొందరపెడుతున్నారు. ఈ తొందర ఎవరిది అన్నదే మన ప్రశ్న.

మొదటి తొందర కరువుది. ఏడాది మొత్తం మీద సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా కురిసే వానను నమ్ముకుని వేరుశనగ విత్తే నేల ఇది. ఆ వాన కూడా పడవలసినప్పుడు పడదు. పంట పోయిన ఏడు బెంగళూరు కట్టడాల పనులకో, కేరళకో వలస పోవాలి. కూలికి పోయే ఆడమనిషికి నెలకు నాలుగైదు రోజుల రక్తస్రావం అంటే కూలి పోవడమే. చాటు లేని పనిచోట, నీళ్లు లేని గుడారంలో బహిష్టు రోజులు గడపడం నరకం. మహారాష్ట్రలోని బీడ్ జిల్లాలో చెరకు నరికే కూలి స్త్రీలు పెద్ద సంఖ్యలో గర్భసంచులు తీయించుకున్న సంగతి 2019లో బయటపడినప్పుడు దేశం నివ్వెరపోయింది. నాగా పడితే మేస్త్రీ జరిమానా వేస్తాడన్న భయం అక్కడ వాళ్లను ఆస్పత్రి మెట్లెక్కించింది. ఆ వార్త చదివిన మన జిల్లా కార్యకర్తలకు అందులో పరాయిదేమీ కనిపించి ఉండదు. మరుగుదొడ్డి, నీళ్లు, నెలలో రెండు రోజుల విశ్రాంతి ఇవ్వలేని సమాజం స్త్రీకి ఆపరేషన్ బల్లను చూపించింది.

రెండో తొందర ఇంటిది. మన రాష్ట్రంలో పెళ్లయిన స్త్రీలలో నూటికి దాదాపు 70 మంది కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నవారే. మగవాళ్లు నూటికి ఒక్కరు కూడా లేరు. ఆ స్త్రీలలో సగానికి పైగా పాతికేళ్లు నిండేసరికే ఆ పని ముగించుకుంటున్నారు. ఇద్దరు బిడ్డలు పుట్టి, ట్యూబులు కట్టించుకున్నాక గర్భసంచితో ఇక పనేముంది అన్న మాట అత్తగారి నోటా వస్తుంది, మొగుడి నోటా వస్తుంది, చివరికి ఆమె నోటా వస్తుంది. "అదుండి ఏం లాభం, తీపిచ్చుకుంటే పీడ పోతాది" అంటారు. బిడ్డల్ని కనే యంత్రంగా తప్ప స్త్రీ శరీరానికి మరో విలువ ఇవ్వని ఆలోచన ఇది. కనడం అయిపోయింది కాబట్టి యంత్రాన్ని విప్పి పారేయవచ్చునట!

మూడో తొందర వ్యాపారానిది. ఊళ్లో సూది వేసే ఆర్‌ఎంపీ పట్నంలో ఫలానా నర్సింగ్ హోముకు పంపుతాడు. పంపినందుకు కమీషను ముడుతుంది. అక్కడ స్కానింగ్ తీసి "గడ్డ ఉంది" అంటారు. ఎంత గడ్డ, ఎలాంటి గడ్డ అన్నది చెప్పరు. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ పథకం తొలివిడతగా మొదలైన మూడు జిల్లాల్లో అనంతపురం ఒకటి. ఆ పథకం పేర్లు మార్చుకుంటూ ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తోంది. గుండె జబ్బులకు, క్యాన్సరుకు, కిడ్నీ జబ్బులకు అది ఎందరో పేదల ప్రాణాలు నిలిపింది. ఆ మేలును కాదనడం లేదు. కానీ ఆపరేషన్ చేస్తేనే డబ్బొచ్చి, మందులిచ్చి నయం చేస్తే రాని ఏ పద్ధతిలోనైనా కత్తికే మొగ్గు ఉంటుంది. బీమా డబ్బు కోసం అనవసరంగా గర్భసంచులు తీస్తున్నారని బీహారు, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌ల గురించి డాక్టర్ నరేంద్ర గుప్తా సుప్రీంకోర్టుకు వెళ్లింది కూడా ఇందుకే. తెలుగు రాష్ట్రాల అంకెలు ఆ మూడు రాష్ట్రాల కంటే ఎక్కువ.

ఆ కేసులో 2023 ఏప్రిల్ 5న తీర్పు వచ్చింది. అనవసరమైన గర్భసంచి ఆపరేషన్లను అరికట్టడానికి కేంద్ర ఆరోగ్యశాఖ 2022లో రూపొందించిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలులోకి తేవాలని కోర్టు అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. ఈ మార్గదర్శకాల ప్రకారం జాతీయ, రాష్ట్ర, జిల్లా స్థాయుల్లో పర్యవేక్షణ కమిటీలుండాలి. ఎక్కడెక్కడ, ఏ వయసు వారికి, ఏ కారణంతో ఈ ఆపరేషన్లు జరుగుతున్నాయో అవి పరిశీలించాలి. మన జిల్లా ఇప్పుడు రెండయింది. 2022 ఏప్రిల్‌లో శ్రీ సత్యసాయి జిల్లా విడిపోయింది. కాబట్టి అనంతపురంలో ఒకటి, పుట్టపర్తిలో ఒకటి, రెండు కమిటీలుండాలి. వాటిలో ఎవరున్నారు, ఎప్పుడు సమావేశమవుతున్నారు, ఏం తేల్చారు అని జిల్లా వైద్యాధికారిని రాతపూర్వకంగా అడగడం మన సంఘాలు చేయవలసిన మొదటి పని. సమాచార హక్కు చట్టం ఉన్నది ఇలాంటి వాటికే.

ఇంతకీ గర్భసంచి తీయవలసిన అవసరం ఎప్పుడూ రాదా? వస్తుంది. గర్భసంచికి క్యాన్సర్ సోకినప్పుడు, మందులకు లొంగని రక్తస్రావంతో మనిషి పాలిపోతున్నప్పుడు, పెద్ద గడ్డలు పక్క అవయవాలను నొక్కుతున్నప్పుడు, సంచి పూర్తిగా కిందికి జారి కూర్చోనివ్వనప్పుడు ఆ ఆపరేషన్ స్త్రీకి కొత్త జీవితం ఇస్తుంది. జారిన గర్భసంచితో ఏళ్ల తరబడి సిగ్గుతో ఎవరికీ చెప్పుకోకుండా బిందెలు మోసే స్త్రీలు మన పల్లెల్లో ఉన్నారు. ముట్లుడిగి ఏడాది దాటాక మళ్లీ రక్తం కనిపించినా "వేడి చేసింది" అని ఊరుకునేవాళ్లున్నారు. వాళ్లు ఒక్క వారం కూడా ఆగకుండా డాక్టరుకు చూపించుకోవాలి. అవసరం లేని ఆపరేషన్ ఎంత అన్యాయమో, అవసరమైన ఆపరేషన్ అందకపోవడమూ అంతే అన్యాయం. ఈ రెండింటినీ వేరు చేసి చూడడమే మనం నేర్చుకోవలసింది.

తెల్లబట్ట చాలాసార్లు ఇన్‌ఫెక్షన్ వల్ల వస్తుంది. పరీక్ష చేసి, అవసరమైతే భర్తకు కూడా మందులిస్తే తగ్గుతుంది. నడుము నొప్పికి కారణం తరచు గర్భసంచి కాదు, రోజంతా వంగి చేసే కలుపు, మోసే బరువు. అధిక రక్తస్రావానికి మాత్రలున్నాయి. గర్భసంచిలో అమర్చే హార్మోన్ లూపు ఉంది. లోపలి పొర నుంచి ముక్క తీసి పరీక్షించే పద్ధతి ఉంది. గడ్డలన్నీ క్యాన్సర్లు కావు. చిన్న గడ్డలు ఏ బాధా పెట్టకపోతే వాటి జోలికి పోనక్కరలేదు. ముట్లుడిగాక అవి సాధారణంగా కుంచించుకుపోతాయి కూడా. సంచి కొద్దిగా జారితే వ్యాయామాలు, లోపల అమర్చే రింగు ఉపయోగపడతాయి. ఇక "ఉంచుకుంటే క్యాన్సర్ వస్తుంది" అన్న బెదిరింపు. రాబోయే క్యాన్సర్ భయానికి మందు గర్భసంచి తీసేయడం కాదు, గర్భాశయ ముఖద్వారాన్ని పరీక్ష చేయించుకోవడం. ఆ పరీక్ష ఖర్చూ తక్కువే, నొప్పీ తక్కువే.

తీసేశాక ఏమవుతుందో కూడా ముందే తెలియాలి. గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే, ముప్ఫై అయిదేళ్ల స్త్రీకి ఒక్కరోజులో ముట్లుడిగిన వయసు వచ్చి పడుతుంది. ఒంట్లో ఆవిర్లు, నిద్ర పట్టకపోవడం, ఎముకలు గుల్లబారడం, గుండె జబ్బుల ముప్పు పెరగడం అన్నీ తోడవుతాయి. అండాశయాలు ఉంచినా కొందరిలో అవి ముందుగానే పనిచేయడం తగ్గిస్తాయి. కాయకష్టం మీద బతికే మనిషికి ఎముకల బలమే ఆస్తి. "పీడ పోతుంది, పనికి పోవచ్చు" అని ఆపరేషన్ చేయించుకున్న కూలి మనిషి నలభై దాటేసరికి పనికే పోలేని స్థితికి చేరితే లాభపడిందెవరు?

సంతకం సంగతికి వద్దాం. ఆపరేషన్ కాగితం మీద మొగుడో, కొడుకో సంతకం పెట్టేస్తే సరిపోతుందన్న నమ్మకం ఆస్పత్రుల్లోనూ ఉంది, ఇళ్లలోనూ ఉంది. 2008 జనవరిలో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాటను మన ప్రతి సంఘం గోడ మీద రాసుకోవాలి. 1995లో ఢిల్లీలో నలభై నాలుగేళ్ల అవివాహిత, కడుపులోకి గొట్టం పంపి చూసే పరీక్షకు ఒప్పుకుని మత్తులోకి వెళ్లింది. ఆమె స్పృహలో లేనప్పుడు బయట కూర్చున్న తల్లి చేత ఒప్పించి గర్భసంచి, అండాశయాలు తీసేశారు. పరీక్షకు ఇచ్చిన సమ్మతి ఆపరేషన్‌కు సమ్మతి కాదనీ, ప్రాణాపాయం లేనప్పుడు ఆమెకు మెలకువ వచ్చేదాకా ఆగవలసిందేననీ, తెలివిడి గల స్త్రీ బదులు తల్లి ఇచ్చిన సమ్మతి చెల్లదనీ కోర్టు తేల్చింది. చికిత్స ఏమిటి, దాని వల్ల లాభమేమిటి, ముప్పు ఏమిటి, వేరే మార్గాలేమున్నాయి, చేయించుకోకపోతే ఏమవుతుంది, ఇవన్నీ రోగికి అర్థమయ్యేలా చెప్పిన తర్వాత తీసుకున్నదే సమ్మతి. ఇంగ్లీషులో అచ్చేసిన ఫారం కింద, స్ట్రెచర్ మీద పడుకోబెట్టాక వేయించుకున్న వేలిముద్రను సమ్మతి అనడం పరిహాసం.

వైద్యుణ్ణి ఎంచుకోవడం అంటే బోర్డు మీద అక్షరాలు పెద్దవిగా ఉన్న చోటికి పోవడం కాదు. గర్భసంచి ఆపరేషన్ చేసేవారు ఎంబీబీఎస్ తర్వాత స్త్రీల వ్యాధుల్లో ఎం.డి., ఎం.ఎస్., డి.జి.ఓ., డి.ఎన్‌.బి. వంటి చదువు పూర్తి చేసి ఉండాలి. వారి పేరు రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌లో నమోదై ఉండాలి. ఆ నమోదు సంఖ్యను మందుల చీటీ మీదా, రసీదు మీదా వేయాలని 2002 నాటి వైద్యవృత్తి నిబంధనలు చెబుతున్నాయి. ఆర్‌ఎంపీకి కత్తి పట్టే అధికారం లేదు. ప్రైవేటు ఆస్పత్రికి కూడా 2002 రాష్ట్ర చట్టం కింద జిల్లా వైద్యాధికారి దగ్గర నమోదు ఉండాలి. ఈ రెండూ అడగడం అవమానించడం కాదు. ఆటో ఎక్కేముందు ఛార్జీ అడిగే మనం, కడుపు కోయించుకునే ముందు చదువు అడగడానికి ఎందుకు జంకాలి? నిజంగా చదువుకున్న డాక్టరు ఆ ప్రశ్నకు కోపగించుకోరు.

చదువుతో పాటు అడగవలసినవి ఇంకా ఉన్నాయి. ఆపరేషన్ చేసేది పరీక్ష చేసిన డాక్టరేనా, ఆ రోజుకు ఎక్కడి నుంచో వచ్చి వెళ్లిపోయే మరొకరా? ఆయన వెళ్లిపోయాక రాత్రి రక్తస్రావమైతే చూసేదెవరు? మత్తు ఇచ్చేది మత్తు వైద్యంలో చదువుకున్న డాక్టరేనా? రక్తం అవసరమైతే ఎక్కడి నుంచి తెస్తారు, ఎంతసేపు పడుతుంది? ఇలాంటి ఆపరేషన్లు ఇక్కడ ఎన్ని జరుగుతాయి? మొత్తం ఖర్చు ఎంత, పథకం కింద అయితే మేం కట్టవలసింది ఏమైనా ఉందా? తీసిన భాగాన్ని ముక్క పరీక్షకు పంపుతారా? ఈ చివరి ప్రశ్న చాలా ముఖ్యం. గర్భసంచిని నిజంగా జబ్బు వల్లనే తీశారా అన్నదానికి ఆ రిపోర్టే సాక్ష్యం.

ఒక్క డాక్టరు చెప్పగానే ఒప్పుకోనక్కరలేదు. జాతీయ మానవ హక్కుల కమిషన్ రూపొందించగా, కేంద్ర ఆరోగ్యశాఖ 2019లో రాష్ట్రాలకు పంపిన రోగుల హక్కుల పత్రంలో మరో డాక్టరు అభిప్రాయం తీసుకోవడం కూడా ఒక హక్కు. అనంతపురంలో వైద్య కళాశాలకు అనుబంధంగా సర్వజనాసుపత్రి ఉంది. బత్తలపల్లిలో ఆర్‌.డి.టి. ఆస్పత్రి ఉంది. హిందూపురంలో జిల్లా ఆస్పత్రి ఉంది. మడకశిర వైపు నుంచి అనంతపురానికి వచ్చిపోవాలంటే ఒక రోజు కూలి, బస్సు ఛార్జీలు, తోడుగా వచ్చే మనిషి కూలి అన్నీ పోతాయి. నిజమే. ప్రభుత్వాస్పత్రిలో వరుసలో నిలబడాలి, విసుగు పడాలి, అదీ నిజమే. కానీ శరీరంలో భాగం మళ్లీ రాదు. సంఘం పొదుపులోంచి ఈ ప్రయాణానికి చిన్న నిధి కేటాయించుకుంటే, రెండో అభిప్రాయం అన్నది కాగితం మీది హక్కుగా మిగిలిపోకుండా ఉంటుంది.

ఆపరేషన్ తప్పదని తేలాక సిద్ధపడడం కూడా ఒక పనే. 2019-21 సర్వే ప్రకారం మన రాష్ట్రంలో నూటికి దాదాపు 59 మంది స్త్రీలు రక్తహీనతతో ఉన్నారు. హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువ ఉంటే రక్తహీనత ఉన్నట్టే. అధిక రక్తస్రావం ఉన్న స్త్రీకి ఇది ఎనిమిదికీ ఏడుకీ పడిపోయి ఉండవచ్చు. అలాంటి మనిషిని హడావుడిగా బల్ల ఎక్కించడం ప్రమాదం. ఐరన్ మాత్రలతో రక్తం పెరగడానికి వారాలు పడుతుంది. రక్తనాళంలోకి ఎక్కించే ఐరన్‌తో ఇంకా త్వరగా పెరుగుతుంది. ఈ నిరీక్షణ కాలయాపన కాదు, ఇది వైద్యంలో భాగం. రక్తపోటు, షుగరు, అవసరమైతే గుండె పరీక్ష జరగాలి. వాడుతున్న మందులన్నీ, నాటు మందులు సహా, డాక్టరుకు చెప్పాలి. రక్తం పలచబరిచే మాత్రలను, బీపీ, షుగరు మాత్రలను మనంతట మనం ఆపకూడదు, ఎప్పుడు ఆపాలో వారిని అడగాలి. ఏ మందైనా, సూదైనా పడనట్లయితే ముందే చెప్పాలి. బీడీ, పొగాకు నమలడం కొన్ని వారాల ముందే మానుకుంటే పుండు త్వరగా మానుతుంది, ఊపిరితిత్తులు తేరుకుంటాయి.

ఆపరేషన్‌కు ముందు ఆరు నుంచి ఎనిమిది గంటలు అన్నం, టిఫిన్, పాలు తీసుకోకూడదు. నీళ్లు ఎప్పటిదాకా తాగవచ్చో మత్తు డాక్టరును అడగాలి. "ఒక్క ఇడ్లీ ఏం చేస్తుంది" అని తోడొచ్చినవాళ్లు జాలితో పెట్టే ముద్ద, మత్తులో వాంతై ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం తీయగలదు. ముందురోజు, ఆ ఉదయం సబ్బుతో స్నానం చేయాలి. ఇంట్లో బ్లేడుతో గీసుకోకూడదు, ఆ చిన్న గాట్లలోంచే చీము పడుతుంది. నగలన్నీ ఇంట్లోనే పెట్టి పోవడం మేలు. 2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆపరేషన్ గదుల కోసం 19 అంశాల చెక్‌లిస్టు తయారు చేసింది. అందులో మొదటిది, మత్తు ఇచ్చే ముందే రోగి పేరు, జరగబోయే ఆపరేషన్, ఆమె సమ్మతి, వీటిని ఆమె నోటితోనే నిర్ధారించుకోవడం. కాబట్టి "నా పేరు ఇది, నాకు ఈ ఆపరేషన్ మాత్రమే చేస్తున్నారు, అండాశయాలు తీయవద్దు" అని గట్టిగా చెప్పడం మొండితనం కాదు. ఆ మాట చెప్పించుకోవడం ఆపరేషన్ గది బాధ్యత.

తర్వాతి ఆరు వారాల గురించి కూడా ముందే మాట్లాడుకోవాలి. బరువు ఎత్తకూడదని డిశ్చార్జి చీటీలో రాస్తారు. కరువు ఊళ్లో నీళ్ల బిందె మోయకుండా ఆరు వారాలు గడపడం ఎలాగో మాత్రం ఎవరూ రాయరు. ఆ బిందె భర్త మోస్తాడా, కొడుకు మోస్తాడా, సంఘంలో వంతులు వేసుకుంటారా అన్నది ఆపరేషన్ తేదీ రాసుకోకముందే తేలాలి. మనకు తేదీ ఎంచుకునే వీలున్నప్పుడు విత్తనం పనులు, వేరుశనగ పెరికే రోజులు తప్పించి ఎంచుకోవచ్చు. జ్వరం, ఆగని రక్తం, దుర్వాసనతో స్రావం, కాలు వాచి నొప్పి పుట్టడం, ఆయాసం, మూత్రం కారిపోవడం, వీటిలో ఏది కనిపించినా ఆలస్యం చేయకుండా అదే ఆస్పత్రికి వెళ్లాలి.

తేలికైన ఆపరేషన్ అని మనం అనుకునే దాంట్లోనూ ఇన్ని జాగ్రత్తలు ఎందుకో ఇబ్రహీంపట్నం చెబుతుంది. 2022 ఆగస్టు 25న రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం ప్రభుత్వాస్పత్రిలో ఒకే రోజు 34 మంది స్త్రీలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. కొద్ది రోజుల్లో నలుగురు చనిపోయారు. ఆరోగ్యంగా నడిచివెళ్లిన పడుచు తల్లులు వాళ్లు. 2014లో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ దగ్గర శిబిరంలో 83 మందికి ఒక్కరోజే చేసినప్పుడు 13 మంది చనిపోయారు. ఇలాంటి శిబిరాలను మూడేళ్లలో మానెయ్యాలని దేవికా బిస్వాస్ కేసులో సుప్రీంకోర్టు 2016 సెప్టెంబర్‌లో చెప్పింది. అయినా ఆరేళ్ల తర్వాత ఇబ్రహీంపట్నం జరిగింది. ఒక సర్జన్ ఒక రోజులో ఎంతమందిని కోస్తున్నారు, ఒకరికీ మరొకరికీ మధ్య పరికరాలను శుభ్రపరిచే వ్యవధి ఉందా అన్నది ఆశా కార్యకర్తా, మనమూ వాకిట్లోనే నిలదీయవలసిన ప్రశ్న. లక్ష్యాల తొందర ప్రభుత్వానిది. ప్రాణాలు మాత్రం స్త్రీలవి.

ఇవన్నీ ఒంటరి స్త్రీ చేయగలిగిన పనులు కావని మాకు తెలుసు. తెల్లకోటు ముందు నోరు పెగలదు. అందుకే ఇది సంఘాల పని. 1991లో హైదరాబాద్‌లో స్త్రీల ఆరోగ్య బృందం "సవాలక్ష సందేహాలు" పుస్తకం తెచ్చినప్పుడు, సందేహం అడగడమే ఆరోగ్యానికి తొలిమెట్టు అన్న సంగతి తెలుగు స్త్రీలకు అచ్చులో అందింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాజుకున్న ఉద్యమంతో సారాను ఊరవతలికి తరిమిన స్త్రీలకు, ఒక డాక్టరును నాలుగు ప్రశ్నలు అడగడం అసాధ్యమేమీ కాదు. ప్రతి గ్రామ సంఘంలో ఇద్దరు ఈ విషయాలు నేర్చుకుని, ఆపరేషన్ చెప్పించుకున్న ప్రతి స్త్రీకి తోడుగా వెళ్లాలి. స్కానింగ్ రిపోర్టు, చీటీలు, డిశ్చార్జి సమ్మరీ, ముక్క పరీక్ష రిపోర్టు ఒక సంచిలో దాచి పెట్టించాలి. అడిగిన 72 గంటల్లో వైద్య రికార్డులు ఇవ్వాలని 2002 నిబంధనలే చెబుతున్నాయి. అన్యాయం జరిగితే మెడికల్ కౌన్సిల్‌కు, జిల్లా వైద్యాధికారికి ఫిర్యాదు చేయవచ్చు. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే స్పష్టం చేసింది. బీమా సంస్థ చెల్లించినా అది చెల్లింపే.

సంఘాలు తమ ఊరి లెక్క తామే రాసుకోవాలని కూడా మా విన్నపం. ఊళ్లో ఎంతమందికి గర్భసంచి తీశారు, ఏ వయసులో, ఏ కారణంతో, ఎక్కడ, పంపిందెవరు? పేర్లు బయటపెట్టకుండా రాసిన ఈ అయిదు గడుల లెక్క ఒక్కో మండలం నుంచి జిల్లా కమిటీ బల్ల మీదికి చేరితే, "మా దృష్టికి రాలేదు" అనే జవాబుకు కాలం చెల్లుతుంది. అలాగే ప్రభుత్వాన్ని మనం అడగవలసినవి ఉన్నాయి. ప్రతి ప్రాంతీయ ఆస్పత్రిలో స్త్రీల వ్యాధుల వైద్యురాలు, మత్తు డాక్టరు ఉండాలి. తెల్లబట్టకు, రక్తస్రావానికి మందులు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే దొరకాలి. నలభై ఏళ్ల లోపు స్త్రీకి గర్భసంచి తీయాలంటే ఇద్దరు వైద్యులు కారణం రాసి సంతకం చేయాలి. కూలి పని జరిగే ప్రతి చోటా చాటు, నీళ్లు ఉండాలి. చివరిది వైద్యశాఖ పనిగా కనిపించకపోవచ్చు. కానీ ఈ గడ్డ మీద ఎన్నో గర్భసంచులు తీయించింది అది లేకపోవడమే.

అప్పటిదాకా, ఎవరైనా "రేపే చేసేద్దాం" అంటే, "నెల రోజులు ఆగితే ఏమవుతుంది?" అని అడుగుదాం. దానికి సరైన వైద్యకారణం చెప్పగలిగిన డాక్టరు మాట విందాం. చెప్పలేనివారి తొందర మన జబ్బుది కాదు.

— సంపాదకవర్గం